కునుకు కూడు

తొలకరికోన అనే అడవి ఒకటుంది. మూడు వైపులా కొండలు, నాలుగో వైపు వాగు. అడవిదున్నలు, ఎలుగుబంట్లు, కుందేళ్ళు, ఏదుపందులు, అడవిపందులు, ఉడతలు, గిజిగాళ్ళు అక్కడ కలిసి బతుకుతాయి. మిగతా అడవుల్లో జంతువులు దొరికింది తింటాయి. తొలకరికోనలో మాత్రం పండించుకుని తింటాయి. అందుకే చుట్టుపక్కల అడవులవాళ్ళు దాన్ని అడవి అనరు. దేశం అంటారు.

ఆ దేశపు సేద్యం చూడాలంటే తొలకరి పడిన మర్నాడు చూడాలి. అడవిపందులు వరసగా నిలబడి మూతులతో నేలను పెళ్ళగిస్తాయి. పెద్ద గడ్డలు తగిలితే అడవిదున్నలు కొమ్ములతో చిదుపుతాయి. ఏదుపందులు వెనక్కి నడుస్తూ ముళ్ళతో గుంటలు పొడుస్తాయి. ఉడతలు ఆ గుంటల్లో గింజలు వేసి, తోకతో మట్టి కప్పుతాయి. కొంగలు పురుగులు ఏరుతాయి. పైరు కోతకు వచ్చేసరికి గిజిగాళ్ళు గడ్డితో గాదెలు అల్లి చెట్ల కొమ్మలకు వేలాడదీస్తాయి. వాటిలోకి చెమ్మ పోదు, చెద పోదు. ఏ గాదెలో కొర్రలున్నాయో, ఏ గాదెలో సామలున్నాయో కింద నిలబడి వాసన చూసి చెప్పగలరు అక్కడి పిల్లలు.

ఇదంతా ఒక్కనాడు రాలేదు.

తాతల తాతల కాలంలో ఆ కోన మొత్తం కాలిపోయింది. తినడానికి ఆకు లేదు. వానలు పడ్డాక చీమల పుట్టల చుట్టూ మాత్రం పచ్చగా మొలకలొచ్చాయి. అవి చీమలు లోపల దాచుకున్న గింజలు. ఆకలితో ఉన్న జంతువులన్నీ వంగి ఆ మొలకలను చూశాయి. పీక్కుని తినలేదు. ఆగాయి. ఆ ఆగడంతోనే ఆ దేశం పుట్టింది. ఇప్పటికీ విత్తనాల రోజున తొలి గింజలు చీమల పుట్ట దగ్గరే చల్లుతారు.

విత్తడం నేర్చుకున్నారు కాని నేలను ఎప్పుడు వదలాలో నేర్చుకోలేదు. ఏటా అదే చేలో అదే పంట వేశారు. కొన్నాళ్ళకు నేల అలిసింది. వెన్ను వేసిన కొర్రలో గింజ లేదు. పని వచ్చినవాళ్ళే పస్తులున్నారు. అప్పుడు పెద్దలంతా కూర్చుని ఒక ఆచారం పెట్టుకున్నారు.

ఏటా ఒక కుటుంబం చేను నిద్రపోవాలి. ఆ ఏడు దాంట్లో ఎవరూ కాలు పెట్టకూడదు. కలుపు మొలిచినా పీకకూడదు. గట్టు మీద ఒక ముళ్ళకంప అడ్డం వేస్తారు, అది గుర్తు. ఆ కుటుంబం మిగతా ఇళ్ళకు వంతుల ప్రకారం వెళ్ళి తినాలి. దాన్ని కునుకు కూడు అంటారు. నేల కునుకు తీస్తున్నప్పుడు తినే కూడు అని.

మూట కట్టుకుని ఇంటికి తీసుకుపోవడం కుదరదు. పెట్టినవాళ్ళ గడపలోనే కూర్చుని తినాలి. తింటున్నంతసేపూ ఆ ఇంటివాళ్ళు తమ పాత సంగతులు చెబుతారు. ఈ రాయిని మా తాత ఎక్కడి నుంచి దొర్లించాడు, ఏ వరదలో ఎవరిని పోగొట్టుకున్నాం, ఈ ఎర్ర కొర్ర ఎవరు తెచ్చారు, ఇలాంటివి. తినేవాళ్ళు వినాలి. అదే వాళ్ళ పని. ఆ దేశంలో రాత లేదు. వాళ్ళ చరిత్రంతా ముద్దతో పాటే ఒక గడప నుంచి ఇంకో గడపకు నడిచింది.

ఆ కోనలో గొరిజమ్మ అనే అడవిదున్న ఉండేది. ఆమెకు ఒక్కడే కొడుకు, చెంగడు. ఇంకా కొమ్ములు రాని తువ్వాయి.

గొరిజమ్మ చేను వాగు మలుపులో ఉంది. ఏటా వరద వచ్చి కొత్త ఒండ్రు పోసేది. అందుకని ఆమెకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆ చేను నిద్రపోలేదు. ఎవరి చేను నిద్రపోయినా తొలి పిలుపు గొరిజమ్మ ఇంటి నుంచే వెళ్ళేది. రాగి సంకటి కొండలా పెట్టేది. చాలన్నా వినేది కాదు. ముందటేడు ఎలుగుబంటి తేనెమూతి కుటుంబం వంతు వచ్చింది. వాళ్ళు పొట్ట పట్టుకుని లేచే దాకా పెట్టింది. తన గాదెలు అడుగంటినా పెట్టింది.

తేనెమూతి మొహమాటం లేనివాడు. మళ్ళీ తన చేను ఎప్పుడు నిద్రపోతుందా అని చూస్తున్నానని, దున్నేటప్పుడే దానికి జోల పాడుతున్నానని అందరితో చెప్పుకుని నవ్వేవాడు. గొరిజమ్మ నవ్వేది కాదు. ఇంటికొచ్చి కొడుకుతో అనేది.

"మనది పెట్టే ఇల్లురా చెంగా. తినే ఇల్లు కాదు."

వాడు తల ఊపేవాడు. అమ్మ అన్నదంటే వాడికి అదే మాట.

ఇలా ఉండగా వాగు కొంచెం కొంచెంగా అవతలి గట్టుకు జరిగింది. మలుపులోకి ఒండ్రు రావడం మానేసింది. గొరిజమ్మ దాన్ని పట్టించుకోలేదు.

ఎండాకాలం చివర ముళ్ళవ్వ బయలుదేరింది. ముళ్ళవ్వ అంటే ఆ దేశంలో అందరికన్నా పెద్దదైన ఏదుపంది. ఎవరి చేను నిద్రపోవాలో చెప్పేది ఆమే. ప్రతి చేలోనూ మట్టి తవ్వి, వాసన చూసి, వానపాములున్నాయో లేదో చూసేది. గొరిజమ్మ చేలో చాలాసేపు తవ్వింది. ఒక్క వానపామూ కనబడలేదు. మట్టి నలిపితే బూడిదలా రాలింది.

"ఈ నేల అలిసిందమ్మా," అంది.

గొరిజమ్మ ముఖం మాడింది. "అలిసింది నేలా, నేనా అవ్వా?"

"నేల సంగతే నాకు తెలుసు. నీ సంగతి నువ్వే చూసుకోవాలి."

అందరి ముందూ గొరిజమ్మ సరేనంది. గట్టు మీద ముళ్ళకంప వేస్తుంటే పక్కనే నిలబడింది. కాని తొలి వంతు రోజు ఆమె కదల్లేదు.

తొలి వంతు సూదిచెవిది. అదొక కుందేలు. కొండ కింద చిన్న చేను, చిన్న బొరియ, ఇంటినిండా పిల్లలు. గొరిజమ్మ వస్తుందని బొరియ ముందు ఊడ్చింది. అంత పెద్ద ప్రాణి కూర్చోవడానికి చోటు చాలదని పిల్లల చేత రాళ్ళు తీయించింది. సామలు వండి ఎదురుచూసింది. పొద్దు వాలాక కబురొచ్చింది. గొరిజమ్మకు కడుపులో బాగోలేదట.

తేనెమూతి వంతు నాడు ఆమె చుట్టాల ఊరు వెళ్ళిందన్నారు. అడవిపందుల వంతు నాడు ఉపవాసం అన్నారు. ఆ తర్వాత గొరిజమ్మే తేల్చి చెప్పేసింది. తన గాదెల్లో పాత గింజలు బోలెడు ఉన్నాయని, తల్లీకొడుకులకు ఏడాదికి సరిపోతాయని, ఎవరూ శ్రమపడొద్దని.

ఆ దేశంలో ఒకరి గాదెలోకి ఒకరు తొంగి చూడరు. అది మర్యాద కాదు. అందుకని అందరూ నమ్మారు. ముళ్ళవ్వ నమ్మలేదు. నిండిన గాదె గాలికి ఊగదని ఆమెకు తెలుసు. ఒక సాయంత్రం గొరిజమ్మ ఇంటి ముందు ఆగింది.

"నీ గాదెలు ఊగుతున్నాయమ్మా."

"గాలి ఎక్కువగా ఉందవ్వా."

ముళ్ళవ్వ చెట్ల వైపు చూసింది. ఆకులు సన్నగా కదిలేంత గాలే ఉంది. ఇంకేమీ అనకుండా వెళ్ళిపోయింది. అనాల్సిందని తర్వాత చాలాసార్లు అనుకుంది.

చెంగడు చిక్కిపోయాడు. పక్కటెముకలు బయటపడ్డాయి. గొరిజమ్మ తన వాటా కూడా వాడికే పెట్టింది. అయినా చాలలేదు. రోజూ వాడు పడుకున్నాక వాడి పొట్ట మీద మూతి ఆనించి చూసేది. ఆ పొట్ట లోపలికి పోయి ఉండేది. అయినా ఏ గడప వైపూ అడుగు పడలేదు.

కొండ మీద గడ్డివాలు అని ఒక చోటు ఉంది. బాగా ఏటవాలు. దట్టమైన పచ్చిక. ఆ వాలును దున్నకూడదని ఆ దేశంలో పసిపిల్లలకు కూడా తెలుసు. కొండ మట్టిని పట్టి ఉంచేది ఆ గడ్డి వేళ్ళే. గొరిజమ్మకూ తెలుసు. కాని సామలు తొందరగా కోతకొస్తాయి. పెద్ద వానలు పడేలోగా కోసేసుకోవచ్చు అనుకుంది. ఎవరికీ తెలియకుండా, ఎవరినీ అడక్కుండా.

మధ్యాహ్నం అందరూ నీడన కునికే వేళ ఆమె పైకి ఎక్కేది. కొమ్ములతో పచ్చికను చీల్చేది. ఎంత బలమో ఆమెకు. అడవిపందులన్నీ కలిసి చేసే పని ఒక్కతే చేసింది. మొలకలు బాగానే వచ్చాయి. పిట్టలు వాలకుండా చెంగడిని అక్కడ కాపలా పెట్టింది. వాడు బుద్ధిగా నిలబడేవాడు. ఒకప్పుడు చెంగుచెంగున గెంతేవాడు, ఇప్పుడు నిలబడటానికే ఒక రాయికి ఆనుకునేవాడు.

వాన ఆమె లెక్కకు ఆగలేదు.

ఒకనాడు మధ్యాహ్నమే మబ్బు దిగింది. కొండ కనిపించలేదు. వాన ధారలు కాదు, కుంభాలు కుమ్మరించినట్టు పడింది. చేలల్లో ఉన్నవాళ్ళకు పైనుంచి ఒక చప్పుడు వినబడింది. అలాంటి చప్పుడు వాళ్ళెప్పుడూ వినలేదు. గడ్డివాలు జారింది. మట్టి, రాళ్ళు, లేత సామ మొలకలు అన్నీ కలిసి కిందికొచ్చాయి. సూదిచెవి చేను బురదలో మునిగిపోయింది.

గొరిజమ్మ ఒక్కటే మాట అరుస్తూ పరిగెత్తింది. ఆ మాట కొడుకు పేరు.

వాలును దున్నింది ఎవరో అప్పటికి అందరికీ అర్థమైంది. ఎవరూ నిలబడి ప్రశ్నలడగలేదు. అడవిపందులు బురదలోకి దూకాయి. చెంగడి తల ఒక్కటే పైకి కనబడుతోంది. వెనక కాలు బండ కింద ఇరుక్కుంది. పందులు చుట్టూ తవ్వాయి. ఉడతలు, కుందేళ్ళు వాడి ముక్కులోకి బురద పోకుండా తుడుస్తూ కూర్చున్నాయి. తేనెమూతి బండ కింద భుజం పెట్టి ఎత్తాడు. గొరిజమ్మ కొమ్ములు అడ్డం పెట్టి కొడుకును ఎత్తింది. వాడు బయటికొచ్చాడు.

దగ్గరలో మట్టి పడని చోటు సూదిచెవి బొరియ ముంగిలి ఒక్కటే. అక్కడ పడుకోబెట్టారు. వాడు వణుకుతున్నాడు. లేవలేకపోతున్నాడు. ముళ్ళవ్వ వాడి కళ్ళు చూసింది. ఒంటికి తగిలిన దెబ్బ కన్నా లోపలి ఆకలి పెద్దదంది. వేడిగా ఏదైనా లోపలికి పోకపోతే పొద్దుగూకే దాకా ఉండడంది.

సూదిచెవి లోపలికి వెళ్ళింది. చేను పోయింది, ఇంట్లో ఉన్నదే ఇక. ఆ ఉన్న రాగిపిండితో జావ కాచి సొరకాయ బుర్రలో తెచ్చింది. చెంగడి మూతి దగ్గర పెట్టింది.

"తాగు నాయనా."

చెంగడు తల పక్కకు తిప్పుకున్నాడు. పెదవులు బిగించాడు.

"వద్దు పిన్నీ. మాది పెట్టే ఇల్లు. తినే ఇల్లు కాదు."

గొంతు చాలా సన్నగా ఉంది. అయినా అందరికీ వినబడింది. వాన అప్పుడే తగ్గింది మరి.

గొరిజమ్మ వంగి, తాగమంది. నేను చెబుతున్నాగా అంది. బతిమాలింది. వాడు అమ్మ వైపు చూశాడు. వాడికి అమ్మ మీద కోపమేమీ లేదు. అమ్మ ఇన్నాళ్ళు చెప్పిన మాట తప్పకూడదనే వాడి పట్టుదల.

"నువ్వు తాగలేదుగా అమ్మా."

గొరిజమ్మ చుట్టూ చూసింది. దేశమంతా అక్కడే ఉంది. ఆమె గడపలో తిననివాళ్ళు వాళ్ళలో లేరు. ఇంత పెద్ద అడవిదున్న, ఇంత చిన్న కుందేలు ముంగిట, ఆ చిన్న బుర్ర ముందు నిలబడింది. మెడ వంగలేదు. వంచడం ఆమెకు చేతకాలేదు.

సూదిచెవి దగ్గరకొచ్చి, మెల్లగా అడిగింది.

"అక్కా, మా చేను నిద్రపోయిన ఏడు నేనూ నా పిల్లలూ నీ గడపలో తిన్నాం. ఆ రోజు మమ్మల్ని తక్కువగా చూశావా?"

లేదని చెప్పాలంటే ఇప్పుడు తాగాలి. అవునని చెబితే అన్నాళ్ళు పెట్టిందంతా మట్టిలో పోసినట్టే.

గొరిజమ్మ ముందుకాళ్ళు మడిచింది. సూదిచెవి గడపలో కూర్చుంది. బుర్రలోకి మూతి పెట్టింది. సగం మూతే పట్టింది. ఒక గుక్క తాగింది. కళ్ళ నుంచి నీళ్ళు కారి జావలో పడ్డాయి. ఇంకో గుక్క తాగింది.

అప్పుడు చెంగడు నోరు తెరిచాడు.

వాడు బతికాడు. కాని బండ కింద పడ్డ కాలు మళ్ళీ మామూలు కాలేదు. నడుస్తాడు, కొంచెం ఈడుస్తాడు. ఆ కాలు చప్పుడు విన్నప్పుడల్లా గొరిజమ్మ చేస్తున్న పని ఆపి నిలబడేది.

ఆ దేశంలో శిక్షలు లేవు. పాడుచేసినవాళ్ళు బాగుచేయాలి, అంతే. గొరిజమ్మ రోజూ వాగు ఒడ్డు నుంచి పచ్చిక పెళ్ళలు కొమ్ముల మీద పెట్టుకుని కొండెక్కేది. జారిన వాలు మీద ఒక్కొక్కటే పరిచేది. ఎవరూ తిట్టలేదు. ఎవరూ దాన్ని దాచనూ లేదు. పిల్లలు అడిగితే, గొరిజమ్మ దున్నింది, అందుకే జారింది అని ఉన్నది ఉన్నట్టు చెప్పారు. ఆ దేశం చరిత్రలో అదీ ఒక భాగమైంది.

సూదిచెవి చేను బురద కింద ఉండిపోయింది. అందుకని ఆ ఏడు రెండు కుటుంబాలకు కునుకు కూడు పెట్టాల్సి వచ్చింది. అంతకు ముందెప్పుడూ అలా జరగలేదు. సంకటి ముద్దలు చిన్నవయ్యాయి. జావ పలచబడింది. ఒక్కరూ పస్తు పడుకోలేదు. తొలకరికోనను దేశం అని ఎందుకంటారో ఆ ఏడు పక్క అడవులవాళ్ళకు బాగా తెలిసింది.

గొరిజమ్మ, సూదిచెవి కలిసే ఇళ్ళకు వెళ్ళేవారు. వెనక చెంగడు, కుందేలు పిల్లలు. మొదట్లో గొరిజమ్మ తల దించుకుని తినేది. ఏం పెట్టినా బాగుందనేది. ఎంత పెట్టినా చాలనేది. కథలు చెబుతుంటే వినేది. అడవిపందుల ఇంట్లో, కరువులో వాళ్ళ ముత్తవ్వ విత్తనాల మీద పడుకుని వాటిని ముట్టకుండానే చనిపోయిన సంగతి విన్నది. ఉడతల ఇంట్లో ఎర్ర కొర్ర ఎలా వచ్చిందో విన్నది. ఇన్నేళ్ళూ ఈ ఇళ్ళవాళ్ళకు అన్నం పెట్టింది కాని, వీళ్ళెవరో తనకు తెలియదని అప్పుడు తెలిసింది.

అవతల ఆమె చేలో గడ్డి మొలిచింది. గడ్డి కింద నేల నల్లబడింది.

పంటలు కోతకొచ్చే ముందు తేనెమూతి ఇంట్లో వంతు వచ్చింది. తేనెమూతి భార్య కందిపప్పు వేసి కొర్రన్నం వండింది. తేనెమూతి ఎదురుగా కూర్చుని, తన తాత తేనె కోసం చెట్టెక్కి దిగలేక అక్కడే చలికాలమంతా గడిపిన కథ చెప్పాడు. చెంగడు నవ్వి నవ్వి కింద పడ్డాడు. ముళ్ళవ్వ కూడా ఆ రోజు అక్కడే ఉంది.

"ఎలా ఉంది వదినా?" అని అడిగాడు తేనెమూతి.

గొరిజమ్మ నములుతూ ఆలోచించింది.

"ఉప్పు తక్కువైంది మరిదీ."

తేనెమూతి భార్య మొగుడి వైపు చూసింది. ఉప్పు తేవడం మరిచిపోయింది ఆయనేనని, పొద్దున్నుంచీ తను మొత్తుకుంటూనే ఉన్నానని గొరిజమ్మకు ఫిర్యాదు చేసింది. తేనెమూతి తల గోక్కున్నాడు. గొరిజమ్మ నవ్వింది. ఆ దేశంలో ఆమె నవ్వు చాలామందికి కొత్త.

ముళ్ళవ్వ ఉప్పు గడ్డ ఆమె ముందుకు జరిపింది.

"ఇప్పుడు తిన్నావమ్మా," అంది.

నీతి: పెట్టే చెయ్యి గొప్పదే, కాని అవసరానికి తోటివారి కూడు తినలేనివాడు వాళ్ళను ఎన్నటికీ తనవాళ్ళుగా చేసుకోలేడు.